సొలాంజ్ కలిపిన వైన్

సొలాంజ్ లబాది పుట్టింది సముద్రపు ఒడ్డున, ఆర్కషోన్‌లో ఆల్చిప్పలు పెంచే ఇంట్లో. ఇరవై రెండో ఏట డోర్డోన్ నది పక్కనున్న ద్రాక్షతోటల ఇంటికి కోడలై వచ్చింది. కొత్తలో ఒకరోజు పీపాల కొట్టులో వైన్ రుచి చూద్దామని గ్లాసు అందుకోబోతే భర్త ఎలోయ్ నవ్వాడు.

"నీ నాలుకకి ఉప్పు తప్ప ఏం తెలుస్తుందే? నువ్వు వంటిల్లు చూసుకో, కొట్టు నాకొదిలెయ్."

చెడ్డమనిషేం కాడు, హాస్యానికే అన్నాడు. కానీ ఆ మాటే ముప్ఫై నాలుగేళ్ళు చెల్లింది. ఏటా చలికాలంలో మెర్లో ద్రాక్షది ఎంత, కాబెర్నే ద్రాక్షది ఎంత అని వైన్లు కలిపేటప్పుడు కొట్టు తలుపు మూసే ఉండేది. ఆమె ఇవతల పీపాకి ఆరు చొప్పున గుడ్లు కొట్టి తెల్లసొన గిలక్కొట్టి ఇచ్చేది, అడుగు తేరి వైన్ తేటపడడానికి. మిగిలిన పచ్చసొనలతో చిన్న చిన్న కేకులు చేసేది. ఊరు చూడవచ్చినవాళ్ళు ఆ కేకుల్ని మెచ్చుకోబట్టే ఇంట్లో భోజనాలు పెట్టడం మొదలైంది. వేసవి శనివారాల్లో పొడుగు బల్ల మీద పది పన్నెండు మంది కూర్చునేవారు. పచ్చి ఆల్చిప్పలు, వాటి పక్కన వేడి వేడి మాంసపు వడలు, వెల్లుల్లి సూపు, ఎండిన ద్రాక్షకొమ్మల నిప్పుల మీద కాల్చిన ఎద్దుమాంసం. ఆమె వడ్డిస్తుంటే ఎలోయ్ వైన్ గురించి చెప్పేవాడు. చెప్పడం మొదలుపెడితే ఆపేవాడు కాదు.

1996 మే నెల, ఒక సోమవారం. ఎలోయ్ తోటలోని వాలు చెక్కలో దున్నుతుండగా ట్రాక్టర్ తిరగబడింది. పక్క తోట ఫెర్నాన్ వచ్చి గుమ్మంలో టోపీ తీసి నిలబడ్డాడు. సొలాంజ్ వెల్లుల్లి ఒలుస్తోంది.

"అమ్మాయ్, ఎలోయ్ పోయాడు."

ఆమె తలెత్తి చూసింది. చేతిలో ఉన్న పాయ ఒలిచి గిన్నెలో వేసింది. తర్వాత పొయ్యి ఆపి, ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించి, అతని వెనక నడిచింది.

గురువారం సమాధి చేశారు. చర్చిలో అందరూ ఆమె మొహం వంకే చూశారు. ఒక్క కన్నీటి చుక్క రాలలేదు. బిగబట్టుకుందనుకున్నారు. బిగబట్టడానికి లోపల ఏమైనా ఉంటే కదా. ఆడపడుచు జినెత్ ఇంటికొచ్చి చూసేసరికి వంటింట్లో ఎముకలు ఉడుకుతున్నాయి.

"ఏం చేస్తున్నావు సొలాంజ్?"

"శనివారం తొమ్మండుగురొస్తున్నారు. బెల్జియం వాళ్ళు."

"రావద్దని చెప్పలేదూ?"

"చెప్పాలని తోచలేదు."

"మా అన్న మీద వేసిన మట్టి తడి ఆరలేదు. నీ గుండె బండరాయా?" అంది జినెత్. సొలాంజ్‌కి చీమ కుట్టినట్టయినా లేదు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తడిమి చూసుకుంది. ఏమీ దొరకలేదు. నురగ తీసి పక్కన పెట్టింది.

శనివారం బెల్జియం వాళ్ళు వచ్చారు. ఎలోయ్ లేడు కదా, మాటసాయంగా ఉంటాడని ఫెర్నాన్‌ని బల్ల చివర కూర్చోబెట్టింది. సూపు సగంలో ఉండగా ఒకావిడ అడిగింది.

"మీవారేరి మేడమ్? పోయినేడు రెండు గంటలు వాయించారు మమ్మల్ని."

"ఆయన లేరు."

"సాయంత్రానికి వస్తారా?"

"రారు."

ఫెర్నాన్ అక్కడి అలవాటు ప్రకారం తన పళ్ళెంలో అడుగున మిగిలిన సూపులో ఎర్ర వైన్ పోసుకుని, రెండు చేతులా ఎత్తి గటగటా తాగి మీసం తుడుచుకున్నాడు. "మొన్న గురువారమే ఆయన్ని పూడ్చి వచ్చామమ్మా. తినండి, చల్లారితే బాగోదు" అన్నాడు.

బల్ల చుట్టూ చెంచాలు ఆగిపోయాయి. సొలాంజ్ గరిటె పట్టుకుని, "ఇంకొంచెం వెయ్యనా?" అని అడిగింది.

ఆ ఏడంతా అలాగే గడిచింది. నాలుక మాత్రం చెడలేదు, అదే వింత. ఉప్పు ఒక్క పలుకు తక్కువైనా తెలిసేది. పీచ్ పండు పండినదెప్పుడో, మాంసం కోసినదెప్పుడో తెలిసేది. తెలిసి ఊరుకునేది, అంతే. బాగుంది అనిపించేది కాదు, బాగులేదనీ అనిపించేది కాదు. సెప్టెంబరులో ఫెర్నాన్ కూలీలను పెట్టి కోత కానిచ్చాడు. తొట్లలో రసం పొంగింది, అణిగింది.

జనవరిలో వైన్లు కలిపే రోజు వచ్చింది. వైన్ పరీక్షలు చేసే ఒడిల్ అనే ఆవిడ సీసాలూ గ్లాసులూ బల్ల మీద వరస పెట్టింది. తోటలో పావు వాటా ఉంది కాబట్టి జినెత్ కూడా వచ్చింది.

"ఇందులో చూసేదేముంది? అన్న ఎప్పుడూ కలిపినట్టే. డెబ్భై పాళ్ళు మెర్లో, ముప్ఫై వాలు చెక్క కాబెర్నే."

"మేడమ్ కూడా ఒకసారి రుచి చూస్తే బాగుంటుంది" అంది ఒడిల్, కొంచెం మొహమాటంగా.

"తనకేం తెలుసని?"

సొలాంజ్ మొదటి గ్లాసు తీసుకుని నోట్లో పుక్కిలించి ఉమ్మింది. రెండోదీ అంతే. మూడోది కాబెర్నే. దాన్ని రెండుసార్లు చూసింది.

"ఇది పచ్చిగా ఉంది. కాడ నమిలినట్టుంది. వద్దు."

"వద్దా?" అంది జినెత్. "ఆ చెక్క మా నాన్న నాటింది. అది లేకుండా మన ఇంటి వైనే లేదు. అన్న అక్కడ పోయాడని దాని మీద కక్ష కట్టావా?"

సొలాంజ్ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, అయి ఉండొచ్చేమోనని. కక్ష కూడా కనబడలేదు.

"మే నుంచి కోత దాకా అందులో ఎవరూ అడుగుపెట్టలేదు. ఆకు దుయ్యలేదు, గుత్తులకి ఎండ తగల్లేదు. ఇంకెలా పండుతుంది జినెత్?"

జినెత్ ఒడిల్ వంక తిరిగింది. "నువ్వైనా చెప్పు."

ఒడిల్ ఇంకోసారి రుచి చూసి గ్లాసు దించింది. "మేడమ్ చెప్పింది నిజమే. నేను కొంచెమైనా కలుపుదామందును. మీ ఇంటి ఆనవాయితీ అని."

"చుక్క కూడా వద్దు" అంది సొలాంజ్.

జినెత్ కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది. తర్వాత రెండేళ్ళు ఆ గడప తొక్కలేదు. ఊళ్ళో సొలాంజ్ గురించి ఏమేం చెప్పిందో ఫెర్నాన్ ఒక్కటీ వదలకుండా మోసుకొచ్చేవాడు. సొలాంజ్ వినేది. కాబెర్నేని వేరే పీపాలకెత్తించి, కూలీల రోజువారీ వైన్‌కి సరిపెట్టింది. ఆ వసంతంలో వాలు చెక్కలో ఆకు దుయ్యడానికి తనే వెళ్ళింది. ట్రాక్టర్ పడ్డచోట ఆరు తీగలు విరిగి ఉన్నాయి. వాటిని తవ్వి తీసి, కొత్తవి నాటింది.

వైన్ సీసాల్లోకెక్కిన వేసవిలో ఫెర్నాన్‌కి మొదటి గ్లాసు పోసింది. అతను చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు.

"ఇది ఎలోయ్ వైన్ కాదు."

"కాదు."

"వాడిది ఐదేళ్ళు దాస్తే గాని మనిషిని దగ్గరికి రానిచ్చేది కాదు. ఇది పిలిచి కూర్చోబెడుతోంది." గ్లాసు ముందుకు జరిపాడు. "ఇంకాస్త పోయ్, చూస్తావేం?"

సొలాంజ్ పోసింది. బాగుందని ఆమెకి తెలుసు. సంతోషం కోసం కాసేపు ఎదురుచూసి, లేచి బంగాళాదుంపలు తొక్క తీయడానికి వెళ్ళింది.

1999 మార్చిలో, ఒక మధ్యాహ్నం జినెత్ బకెట్ పట్టుకుని పెరటి దారిన వచ్చింది. అందులో మలుగుపాముల్లాంటి లాంప్రే చేపలు రెండు మెలికలు తిరుగుతున్నాయి. "రేవు దగ్గర పడవవాడిచ్చాడు. నాకు వీటిని చంపడం చేతకాదు" అంది, నేల చూపులు చూస్తూ. వైన్ మాట ఎత్తలేదు.

ఇద్దరూ పనిలో పడ్డారు. సొలాంజ్ చేపల్ని వేలాడదీసి, తోక కోసి, రక్తాన్ని వైన్ పోసిన గిన్నెలోకి పట్టింది. జినెత్ ఉల్లికాడలు తరిగింది. పులుసు చిక్కబడుతుంటే జినెత్ మూత తీసి వాసన చూసి, ఉన్నట్టుండి వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది. "ఇది అన్నకెంత ఇష్టమో" అంది.

సొలాంజ్ గరిటె కింద పెట్టింది. ఏడుపు వస్తుందేమోనని చూసింది, రాలేదు. ఆడపడుచు భుజం మీద చెయ్యి వేసింది. ఉన్ని చొక్కా కింద ఆ భుజం వెచ్చగా ఉంది, అదురుతోంది. పులుసు అడుగంటుతుందని తెలిసినా ఆ చెయ్యి తీయాలనిపించలేదు.

"ఉప్పు చూడు జినెత్" అంది. "ఇవాళ నువ్వు చూడు."