ల్యావ్ ముక్కూ, బావోయిన్ జాడీ

మా జిల్లా పర్యావరణ శాఖలో చేరినప్పుడు కొండల్నీ నదుల్నీ కాపాడతానని అనుకున్నాడట ల్యావ్ జెంగ్‌శాన్. తీరా ఇన్నేళ్లుగా కాపాడుతున్నది ఇరుగుపొరుగుల మధ్య శాంతిని. మా వీధి చివర తన ఇంటికెళుతూ నా టీ కొట్టు దగ్గర స్కూటరు ఆపి తనే చెబుతుంటాడు. ఒకాయనకి కప్పల అరుపులతో నిద్ర పట్టదు. ఇంకొకావిడ ఆరేసిన దుప్పటి మీద, పక్కింటివాళ్లు చనిపోయిన పెద్దలకి చేరాలని కాల్చిన ఉత్తుత్తి కాగితం డబ్బుల బూడిద పడుతుంది. అందరూ శాఖకే ఫోను చేస్తారు. అన్నిటికన్నా కష్టం వాసన ఫిర్యాదు. గాలిని సంచీలో పట్టి, వాసన చూసేవాళ్ల గదికి పంపాలి. వాళ్లు ఆ రోజు వెల్లుల్లి ముట్టకూడదు, అత్తరు పూసుకోకూడదు.

నా కొట్టు పక్కనే బావోయిన్ అక్క కంపు టోఫు బండి. అత్తగారిచ్చిన జాడీలో ఏళ్లుగా పులుస్తున్న రసం ఉంది. సోయా పాల జున్నులాంటి టోఫుని అందులో నానబెట్టి నూనెలో వేయిస్తుంది. తైనాన్ నగరం నుంచి కూడా వచ్చి తింటారు. పోయినేడు ఎదుటి కొత్త మేడ మూడో అంతస్తులో దిగిన గ్వాన్ మేష్టారు మాత్రం భరించలేక ఫిర్యాదు పెట్టాడు.

ల్యావ్ వస్తున్నాడని వినగానే, జాడీని పట్టుకుపోయి పారబోస్తారని అక్కకి భయం పట్టుకుంది. దాన్ని పక్క ఊళ్లో తమ్ముడి కారు షెడ్డులో దాచేసింది. ల్యావ్ వచ్చేసరికి బండి మీద తెల్లటి చప్పిడి టోఫు వేగుతోంది.

"అక్కా, నీ కంపేదీ?"

"మానేశా తమ్ముడూ. ఇకనుంచి పథ్యం వంటే."

బండి దగ్గర తింటున్న ఒకాయన మూతి ముడిచాడు. "ఆసుపత్రిలో అయితే ఇది ఉత్తినే పెడతారు."

వారం తిరిగేసరికి బండి దగ్గర మనిషి లేడు. అక్క విసనకర్రతో ఈగలు తోలుకుంటూ కూర్చుంది.

ఇంతలో పక్క ఊరి నుంచి శాఖకి ఫోను: ఎవరిదో షెడ్డులో పంది చచ్చి పడుందని. ల్యావ్ చేతులకి తొడుగులు వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని వెళ్లాడు. తలుపు తీయగానే ఒక్కసారి గట్టిగా పీల్చి, గుడ్డ విప్పేసి ఫోను అందుకున్నాడు.

"అక్కా, నీ పంది దొరికింది."

"పారబొయ్యకు తమ్ముడూ, నీ కాళ్లు పట్టుకుంటా! అది పోతే నా బండే లేదు."

"ఎవరు పారబోస్తారు? వాసనే ఉండకూడదని చట్టంలో లేదు తల్లీ. పక్కవాళ్ల దాకా ఎంత పోవచ్చన్నదే లెక్క. జాడీకి మూత బిగించు. పొయ్యి మీద పొగ కడిగే గొట్టం పెట్టించు."

గొట్టం వచ్చింది, జాడీ ఇంటికొచ్చింది. ల్యావ్ సంచీలో పట్టిన గాలి హద్దులోనే ఉందని వాసనగదివాళ్లు తేల్చారు. ఆ మాట తెలియగానే గ్వాన్ మేష్టారు చెప్పుల్లేకుండా దిగొచ్చాడు.

"అయితే నా ముక్కు అబద్ధమాడుతోందా? ఆ గొట్టం మూతి చూడండి, సరిగ్గా నా పడగ్గదిలోకే తొంగిచూస్తోంది!"

ల్యావ్ తలెత్తి చూశాడు. నిజమే.

"పరీక్ష నెగ్గా కదా!" అంది అక్క.

"నెగ్గావులే. మేష్టారు నిద్రపోవద్దా?" ల్యావ్ నా కొట్టులో స్టూలు లాక్కుని, ఎక్కి, గొట్టం మూతి తనే అవతలికి తిప్పాడు.

"ఇప్పుడది ఎవరి కిటికీలోకి చూస్తోంది తమ్ముడూ? మళ్లీ నా మీద ఫిర్యాదొస్తే?"

"మా ఇంటి కిటికీలోకే. మా ఆవిడ ఫిర్యాదు చేసినా వచ్చి చూడాల్సింది నేనే. ఒక ప్లేటు వెయ్యి, కారం ఎక్కువగా."