గొంతు లేదన్నాను

లింబాయత్‌లో, నేత పనికి వలస వచ్చిన మా తెలుగువాళ్ల సంఘం ఏటా ఒక సంగీత నాటకం వేస్తుంది. రాసేది నేనే, ఆడించేది నేనే, చివరికి తిట్లు తినేదీ నేనే. ముప్పై ఏళ్లు సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపినవాణ్ణి, తిట్లకు జంకుతానా? ఈసారి నాటకమంతా నేత పని చేసే ఒక ఆడమనిషి కథ. ఏడు పాటలూ ఆమెవే. ఆమె నిలబడితేనే నాటకం నిలబడుతుంది.

ఆ వేషానికి ఇద్దరు వచ్చారు. ఒకరు పక్క పేట డిండోలిలో ఇంటి దగ్గరే చీరలకు లేసు కుట్టే ఆవిడ. రెండోది మా అమ్మాయి. చిన్నప్పటినుంచీ నా నాటకాలు చూస్తూ పెరిగింది, ఈ వేషం మీద చాలా ఆశ పెట్టుకుంది. ఇద్దరి చేతా ఒకే పాట పాడించాను. లేసు కుట్టే ఆవిడ పాడితే గోడలు అదిరాయి. మా అమ్మాయి పాడితే నాకు గొణిగినట్టే అనిపించింది. "నీకు గొంతు లేదు బిడ్డా" అని అందరి ముందే తేల్చేశాను. ఇంటి పిల్లకే ఇచ్చుకున్నాడన్న మాట రాకూడదని నా పట్టింపు. లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా.

మా హార్మోనియం ఆయన రింగ్ రోడ్‌లో చీరల దుకాణంలో పనిచేస్తాడు. ఏనాడూ సాంచెల మొహం చూసినవాడు కాదు. నన్ను పక్కకు పిలిచి, "పిల్ల మంచిగనే పాడిందన్నా. లోపం నీ చెవులల్ల ఉన్నది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. సాంచెల మోతలో మేం అరుచుకుంటూ, ఒకరి పెదాలు ఒకరం చూసుకుంటూ మాట్లాడుకుంటాం. అంతమాత్రాన చెవిటివాళ్లమా అని దెబ్బలాడి ఇంటికి వచ్చేశాను.

వచ్చీ రాగానే అమ్మాయిని అదే పాట మళ్లీ పాడమన్నాను. పెదాలు కనబడకుండా గోడవైపు తిరిగి కూర్చున్నాను. పక్క షెడ్డులో సాంచెలు ఎప్పట్లాగే నడుస్తున్నాయి. చాలాసేపు ఎదురుచూశాను. అలక తీరలేదేమో అనుకుని, "ఇగ పాడు బిడ్డా" అన్నాను.

ఆమె నా ముందుకు వచ్చి నిలబడింది.

"పాడుడు అయిపాయె నాయినా."

భయమేసింది. అంతకన్నా ఎక్కువ సిగ్గేసింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నా చెవుల లోపాన్ని పదిమందిలో పిల్ల గొంతుకు అంటగట్టాను.

ఆదివారం అందరినీ మళ్లీ పిలిచి, ఎంపిక హార్మోనియం ఆయనకే వదిలేశాను. ఇద్దరినీ ఇంకోసారి పాడించి, ఆయన మా అమ్మాయి వైపు చెయ్యి చూపించాడు. వెనక కూర్చున్న ఇద్దరు గుసగుసలాడుకున్నారు. వాళ్ల మాట నాకు వినబడలేదు గాని, పెదాల మీద కనబడింది. తన బిడ్డకే ఇప్పించుకున్నాడట. మా అమ్మాయికి అది వినబడే ఉంటుంది, తల దించుకుంది.

లేచి నిలబడ్డాను. "మొన్న తప్పు చెప్పింది నేను. నాకు చెవులు ఇనవడ్తలేవు" అన్నాను.

వినబడనివాడి చేతికి వచ్చే ఏడాది సంగీత నాటకం ఇవ్వరని తెలిసే చెప్పాను.