వేణ్ణీళ్ళ పొయ్యి ఉన్న చోటు

నీళ్ళు కాచే హీట్ పంప్ మా ఇంటికి పనికొస్తుందో లేదో చూడడానికి గుంటూరు నుంచి వచ్చిన మెకానిక్ తిన్నగా పెరట్లోకి వెళ్ళాడు. బోరు నీళ్ళు అరచేతిలో పట్టి, నాలుకకు తగిలించుకుని మొహం చిట్లించాడు.

"గీజరు కాయిలు ఎన్నాళ్ళు ఆగింది బాబాయ్ గారూ?"

"మొదటిది పద్నాలుగు నెలలు, రెండోది పదకొండు." అది డైరీలో ఉంది.

"దీనికి నీళ్ళలో కాయిలుండదండి. బయట గాలిలో వేడి లాగి నీళ్ళకిస్తుంది. మన ఎండలకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఉప్పు దీన్నీ వదలదనుకోండి, ఏడాదికోసారి ట్యాంకు కడిగించాలి. గాలాడే చోటు మాత్రం ఉండాలి." చుట్టూ చూసి, వేణ్ణీళ్ళ పొయ్యి దగ్గర ఆగాడు. "ఇది తీసేస్తే ఇదే మంచి చోటు."

ఆ పొయ్యి ముందు నా భార్య ముప్పై ఏళ్ళు కూర్చుంది. ఆమె పోయి ఆరేళ్ళు. భర్త పోయాక పర్చూరు నుంచి నా దగ్గరికి వచ్చేసిన మా చెల్లెలు ఇప్పుడు కూర్చుంటోంది.

"కట్టె ఉండగా ఆ డబ్బా నీళ్ళెందుకయ్యా? ఒంటికి పడతాయా?" అందామె.

"ఒక్కసారి పోసుకుని చూడండి పిన్నిగారూ. రోజుకి రెండు సార్లు పోసుకుంటారు."

"రెండు సార్లు కడగడానికి నేనేమన్నా గేదెనా?"

అందరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ ఆమె దగ్గింది. గోడ పట్టుకుని, "పాడు మిరప ఘాటు," అంది.

రోజుకు ఎన్ని వేణ్ణీళ్ళు వాడతామో, ఏ నెలల్లో ఎక్కువో రాసి ఉంచమని చెప్పి మెకానిక్ వెళ్ళిపోయాడు. కాలువల శాఖలో రోజూ నీటిమట్టం రాసే ఉద్యోగం చేసినవాణ్ణి, నాకది పెద్ద పని కాదు. మర్నాడు పొద్దున్నే పాత డైరీలు ముందేసుకున్నాను. ఏ రోజు ఎన్ని కాగుల నీళ్ళు కాగాయో, ఏ కట్టె వాడామో అన్నీ ఉన్నాయి.

పత్తి కట్టె అయిపోయాక మేం మిరప కట్టె వాడేవాళ్ళం. దానికి అక్కడక్కడా ఎండు కాయలు మిగిలి ఉంటాయి. నా భార్య ఒక్కొక్కటే ఏరేది. ఒక్క కాయ మంటలో పడినా పెరడంతా దగ్గేది. అందుకే మా వైపు ఎవరు దగ్గినా ఎందుకని అడగరు. నేనూ అడగలేదు. "రెండు కాగులు. మిరప కట్టె. ఆమెకు మిరప దగ్గు." మాఘంలో, ఫాల్గుణంలో అలాగే రాశాను. కాగుల లెక్క వేసుకుంటూ పేజీలు తిప్పుతున్నాను.

శ్రావణం వచ్చింది. "రెండు కాగులు. పత్తి కట్టె. మిరప దగ్గు."

శ్రావణంలో మిరప కల్లాలు ఖాళీ. అప్పుడప్పుడే నారు పోస్తారు. భాద్రపదంలోనూ అదే మాట. ఆశ్వయుజంలోనూ అదే. అక్షరాలు గుండ్రంగా, కొట్టివేత లేకుండా ఉన్నాయి. కాలువలో నీళ్ళు ఒక్క అంగుళం తగ్గినా అదే రోజు పై అధికారికి కబురు పంపేవాణ్ణి. ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆ మరుసటి ఏడు. ఊపిరితిత్తులన్నారు. కట్టెల పొయ్యి ఉందా అని అడిగారు.

అప్పుడే పెరట్లోంచి దగ్గు వినిపించింది. ఒక్క క్షణం అది ఎవరి దగ్గో నాకు తెలియలేదు. పెన్ను అక్కడే వదిలేసి వెళ్ళాను. చెల్లెలు వంగి పొయ్యి ఊదుతోంది.

"ఏమ్మా, ఏంటా దగ్గు?"

"మిరప ఘాటు. కొత్తగా అడుగుతావేంటి అన్నయ్యా?"

"ఇది కార్తీకం. చేలల్లో ఇంకా పూతే ఉంది."

ఆమె గొట్టం కింద పెట్టింది. "అయితే పొగేమోలే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాకేం తెలుసు? నువ్వేగా అన్నీ రాసేది. చూసుకో."

లోపలికి వెళ్ళి ఈ ఏటి డైరీ తీశాను. వినాయక చవితి మర్నాటి నుంచి ఉంది. నా చేత్తోనే రాశాను, అవే రెండు మాటలు.

తిరిగి వచ్చి చెంబుడు నీళ్ళు పొయ్యిలో పోశాను. "చీర మార్చుకో, గుంటూరు వెళ్దాం," అన్నాను.

"స్నానం చెయ్యకుండానా? మతిపోయిందా నీకు?" అని సణుగుతూనే బయల్దేరింది. బస్సులోంచే మెకానిక్‌కు ఫోన్ చేసి, పొయ్యి తీసేసి ఆ చోటే వాడుకోమన్నాను. కాగుల లెక్క అడిగాడు. సగంలో ఆగిందని చెప్పాను.

డాక్టరు మందులిచ్చి, పొగ దగ్గరికి వెళ్ళొద్దని ఆమెకు గట్టిగా చెప్పాడు. ఇప్పుడు పొయ్యి చోట ఆ యంత్రం ఉంది. నీళ్ళు బాగానే కాగుతున్నాయి. ఒకప్పుడు మంట సెగ కొట్టిన చోట, అది వదిలే చల్లగాలి పాదాలకు తగులుతుంది. చెల్లెలి దగ్గు తగ్గింది, పూర్తిగా పోలేదు. రోజుకు ఎన్నిసార్లో రాస్తున్నాను. దేనివల్లో రాయడం మానేశాను.

కొన్ని తెల్లవారుజాముల్లో, చెల్లెలు ఇంకా నిద్ర లేవకముందే, పెరట్లో ఎవరో దగ్గినట్టవుతుంది. యంత్రం ఆపి వింటాను. అది ఏ తేదీ కింద రాయాలో నాకు తెలియదు.