మా చేనులో ఆయన ఫొటో

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర మల్లేశం అన్న దగ్గర మేము ఎకరం చేను కొని ఆరేళ్లయింది. మా వైపు అలవాటు ప్రకారం తెల్ల కాగితం మీద రాసుకున్నాం. నలుగురు పెద్దమనుషులు సాక్షి సంతకాలు పెట్టారు. రిజిస్ట్రేషన్ మాత్రం కాలేదు, పట్టా పాస్‌బుక్ ఆయన పేరు మీదే ఉండిపోయింది.

మొన్న పత్తి ఏరుతుంటే బ్యాంకు వాళ్లు ఇద్దరు వచ్చారు.

"మల్లేశం చేను ఇదేనా అమ్మా? తాకట్టు పెట్టి లోన్ తీసుకున్నడు, కడ్తలేడు. జప్తు బోర్డు పెట్టాలె."

"ఇది మా చేను సారూ! ఎన్నడో మాకు అమ్మిండు గదా!"

వాళ్లు ఫైలు తెరిచి, లోన్ కోసం ఆయన ఇచ్చిన ఫొటో చూపించారు. మా పత్తి మధ్యలో మల్లేశం అన్న నిలబడి నవ్వుతున్నాడు. ఫొటో కింది అంచున కొంగు చుట్టుకున్న ఆడమనిషి నీడ ఒకటి పడింది. ఎవరిదా అని చాలాసేపు చూశాను.

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల కింద ఆయన వచ్చి, "చెల్లె, ఒకప్పుడు నా చేను గదా, యాదికుంటది, జర ఒక ఫొటో తియ్యి" అని ఫోను నా చేతికిచ్చాడు.

కోర్టు చుట్టూ తిరుగుతున్నాం. ఆయన మోసం సరే, "జర నవ్వు అన్నా" అని మరీ ఆ ఫొటో తీసింది నేనే.