పిట్ట ఒప్పుకుందన్నారు

శనివారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. చెన్నూరు దగ్గర గోదావరి ఒడ్డు. ఆ రోజు చేతికి గడియారం ఉన్నది నాకే కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను.

మా దోస్తు చనిపోయి అది మూడో రోజు. ఆయనకు ఇష్టమైన మటన్ కూర, అన్నం, ఒక బీడీ మోదుగాకు విస్తరిలో పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిందని మా దగ్గర లెక్క. అదేమిటో ఊహించి, తీరుస్తామని మాట ఇవ్వాలి.

"అవ్వను మంచిగ చూసుకుంట బాపూ" అంది కూతురు. కాకి రాలేదు.

"చాయ పొయ్యుండ్రి. చాయ లేంది ఆయనకు ముద్ద దిగది" అన్నాడు దోస్తు తమ్ముడు. పోశారు. రాలేదు.

అప్పుడు అల్లుడు కళ్లు మూసుకుని చేతులు జోడించాడు. "మామా, నీ చుక్క కథలు ఆగనియ్య. నీ పేరు మీదనే నడిపిస్త."

కాకి దిగింది. ముద్ద ఎత్తుకుపోయింది.

చుక్క కథలంటే ఆకాశంలో ఎక్కడో ఉన్న ఒక చుక్క మీది జనం కథలు. అక్కడ ఎండ ఎప్పటికీ దిగదు. జనం భూమిలో ఊళ్లు తవ్వుకుని బతుకుతారు. వాళ్లను పైకీ కిందికీ తెచ్చే యంత్రాన్ని ఒక ఆడమనిషి నడుపుతుంది. బెల్లంపల్లి బొగ్గుబాయిలో నాతో పనిచేసిన మా దోస్తు ఏళ్ల తరబడి రాసిన చిన్న చిన్న పుస్తకాలవి. బస్టాండుల్లో అమ్మేవారు. వేములవాడలో దేవుడి పుస్తకాల పక్కన కూడా దొరికేవి. నేను అక్షరాలు నేర్చింది నలభై దాటాక, రాత్రిబడిలో. ఎవరి సాయమూ లేకుండా చివరిదాకా చదివిన మొదటి పుస్తకం వాటిలోదే.

"గా చుక్క మీద రాజు లేడా?" అని ఒకసారి ఆయన్ను అడిగాను.

"రాజుంటె వాని ముచ్చటే రాయాలె. మిషన్ నడిపే ఆమెను ఎవడు పట్టించుకుంటడు?" అన్నాడు.

అల్లుడి మొదటి పుస్తకంలోనే రాజు వచ్చాడు. రెండోదాంట్లో సైన్యం వచ్చింది. మూడోదాంట్లో మిషన్ నడిపే ఆమె ఆ రాజుకు తప్పిపోయిన బిడ్డ అని తేలింది. ఇక ఆమె మిషన్ ముట్టదు, తుపాకీ పడుతుంది. మా దోస్తు రాసినప్పుడు నీళ్లు తగ్గితేనో గాలి ఆడకపోతేనో జనం కూర్చుని పోట్లాడుకుని తోవ వెతికేవాళ్లు. ఇప్పుడు ఏ కష్టం వచ్చినా ఒకడు ఎగిరివచ్చి తీరుస్తాడు. పిల్లలు ఫోన్లలో వింటున్నారు, బాగుందంటున్నారు. బాగుంటే ఉండనీ. చేయి మారితే కథ మారుతుంది. మా దోస్తు కూడా చివరి పుస్తకాల్లో చెప్పిందే చెప్పాడు. కానీ అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఇంకా ఆయన పేరే ఉంది. నాకు కాలింది అక్కడ.

"గా పేరు ఎందుకు పెడుతున్నవు అల్లుడా?" అని చౌరస్తాలోనే అడిగాను.

"పిట్ట ఒప్పుకున్నది గద మామా. నువ్వు గూడ గాడనే ఉంటివి."

పేరు కోసమే ఆ రోజు మాట ఇచ్చాడేమోనన్న నా అనుమానం దాంతో ఇంకా ముదిరింది.

పోయిన నెల దోస్తు కూతురు మా ఇంటికి వచ్చింది. చుక్క కథలతో సిరీస్ తీస్తామని ఎవరో హైదరాబాద్ నుంచి అడుగుతున్నారట. తండ్రి పేరు ఎప్పటికీ వాడుకోవడానికి ఆమె ఒప్పుకోవాలట.

"ఒక్కసారి ఇచ్చినంక మళ్ల నాది గాదు. పెద్దబాపూ, బాపు నిజంగ ఒప్పుకున్నడంటవా?"

"పిట్ట మనసు నాకేం తెలుసు బిడ్డా. విస్తరి పక్కపొంటి నీడకు ఒక కుక్క పండింది. మీ ఆయన మాట ఇస్తుంటె నేను కట్టె తీస్కొని దాన్ని ఎల్లగొట్టిన. అది పోయింది, కాకి దిగింది."

"గప్పుడే ఎందుకు చెప్పలే?"

"ముద్ద ముట్టంగనే మీ అవ్వ ఏడుపు ఆపింది. గప్పుడు కుక్క ముచ్చట ఎట్ల తియ్యాలె?"

"బాపు ఉంటె గా కుక్క మీద ఒక పుస్తకం రాసేటోడు" అని లేచింది. ఇంటికి వెళ్లి మొగుడితో, కథ నువ్వు రాసుకో, పేరు కూడా నీదే పెట్టుకో అని చెప్పేసింది. హైదరాబాద్ వాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు.

మర్నాడే అల్లుడు మా గడపలో నిలబడ్డాడు.

"కుక్కను నువ్వొక్కనివే చూసినవా మామా? ఇంకెవ్వరికీ కండ్లు లేవా?"

అతనికి నా మీద అనుమానం. నాకు అతని మీద ఉన్నంత. అడగదలచుకున్నవాళ్లు అడగండి. ఆ రోజు ఒడ్డున ఉన్నది వీళ్లే: ఆయన భార్య, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఉంది. కూతురు. కళ్లు మూసుకున్న అల్లుడు. చాయ పోయమన్న తమ్ముడు. కూర వండిన పక్కింటామె, గిన్నెలు తోముతూ నీళ్ల దగ్గర ఉంది. నా భార్య, ఆమె కూడా కుక్కను చూసింది, కానీ మాట ఇవ్వకముందే అది లేచిపోయిందంటుంది. నేను.