సైకాలజీ మేడం అడిగే ప్రశ్న

తెలంగాణ ఉద్యమంలో మా జనగామ కాలేజీ మూతబడ్డప్పుడు సైకాలజీ మేడం దీక్షా శిబిరంలోనే పాఠాలు చెప్పేవారు. పక్కన ఎవరు కూర్చున్నా "నిద్ర మంచిగ పడుతున్నదా?" అని అడగడం ఆమె అలవాటు. స్వరాష్ట్రం అడగాల్సిన చోట ఇదేం ప్రశ్న అని, అదే కాలేజీలో లెక్చరర్‌నైన నేను ఎగతాళి చేసేవాణ్ణి.

ఒకనాడు బచ్చన్నపేట నుంచి కబురొచ్చింది. మా అటెండరు కోడలు నెల తిరగని బాలింత. పిల్లను ముట్టదు, గోడతో మాట్లాడుతుంది. భూతవైద్యుణ్ణి పిలుస్తున్నారని తెలిసి మేడం, నేను వెళ్లాం. దయ్యాలు లేవని నేను ఆమె అత్తతో గంటసేపు వాదించాను.

"నువ్వు చూడకుంటే లేనట్టేనా సారూ?" అందామె.

మేడం ఆ అత్త పక్కన నేల మీద కూర్చున్నారు. "దయ్యం సంగతి తర్వాత చూద్దం అవ్వా. కోడలు నిద్రవోయి ఎన్నిదినాలైంది?"

అవ్వ వేళ్లు ముడిచింది. "ఆరు దినాలు" అంటూనే ఆమె ముఖం మారింది.

"గన్నిదినాలు నిద్ర లేకుంటే నాతోనైనా గోడ మాట్లాడతది. బాలింతలకు వచ్చే జబ్బే గిది, మందులున్నయి. దవాఖానకు పోదాం, నువ్వు గూడ రా."

అవ్వే ముందు ఆటో ఎక్కింది. దారిలో ఉద్యమం కోసం రోడ్డుకు అడ్డంగా వంటావార్పు చేస్తున్నవాళ్లు మేడం మాట విని, ఉడుకుతున్న గిన్నెలు జరిపి మాకు దారిచ్చారు.

రెండు నెలలకు ఆ కోడలు పిల్లను ఎత్తుకొని శిబిరానికి వచ్చింది. అప్పుడు నేను మైకులో దయ్యాలు లేవని ఉపన్యసిస్తున్నాను.

"మేడం, నా దయ్యం దవాఖానల దిగింది గని, సారుది ఇంక దిగనట్టున్నది" అందామె.

శిబిరమంతా నవ్వింది. నేను మైకు పక్కన పెట్టి, పిల్లను ఎత్తుకున్నాను.