కార్డు ఒకరిది, నెత్తురు ఒకరిది

మా ముందు గదిలో పదేళ్లకు పైగా అద్దెకున్న నర్సమ్మ సోమవారం తెల్లవారుజామున పోయింది. గుండె నొప్పి అన్నారు. నాకు నమ్మకం కుదరక డాక్టరును రెండుసార్లు అడిగాను. ఆమె ఉంటే నవ్వేది. "పెద్దమ్మా, దేవుడొచ్చి ఎదురుంగ నిలబడ్డా నువ్వు కార్డు చూపియ్యమంటవు" అని ఆటపట్టించేది.

ఆమె పని ఫ్యాక్టరీ కార్మికుల బీమా దవాఖానలో. కార్డు ఉన్నవాళ్లకే అక్కడ మందులు. అయితే కార్డు ఒకరిది, జ్వరం ఇంకొకరిది కావడం మన జహీరాబాదులో మామూలే. పర్మనెంటు పనివాడు తన కార్డును పక్కన పనిచేసే కాంట్రాక్టు కూలీకి ఇస్తాడు. నర్సమ్మకు ఇదంతా తెలుసు. "నేను సూది చెయ్యికేస్త, కార్డుకెయ్య" అనేది. నాకది నచ్చేది కాదు.

కిందటేడు ఆ దవాఖానకు జ్వరంతో వచ్చేవాళ్ల నెత్తురును ఎయిడ్స్ పరీక్షకు హైదరాబాదు పంపడం మొదలుపెట్టారు. ఫ్యాక్టరీ ఆఫీసర్లది ప్రైవేటు బీమా. వాళ్ల నెత్తురు ఎవరూ అడగలేదు. నాకు అనుమానం వచ్చింది.

"దొరలకు రాదా గా బీమారి?"

"ఎందుకు రాదు? అడిగే దమ్ము ఎవరికున్నది పెద్దమ్మా?"

ఒక సాయంత్రం ఆమె మా వంటింట్లోకి వచ్చి తలుపు వేసింది. ఫ్యాక్టరీలో పర్మనెంటు పని చేసే మా అబ్బాయి కార్డు మీద వెళ్లిన నెత్తురులో ఆ రోగం ఉందట. కాని ఆ రోజు కార్డు తెచ్చింది వాడు కాదు, వాడి దోస్తు అట. నిజం చెబితే కార్డు ఇచ్చినందుకు మావాడి నౌకరీ, చూసీ ఊరుకున్నందుకు ఆమె నౌకరీ పోతాయి. చెప్పకపోతే రోగం పేరు మావాడికి అంటుకుంటుంది. వాడికి భార్య, పాలు తాగే పిల్ల.

నేను ఆమెనూ నమ్మలేదు, మావాడినీ నమ్మలేదు. "ఇద్దరు కలిసి కథలు జెప్తున్నరు. నా కండ్ల ముందట తియ్యి నెత్తురు" అన్నాను.

"గట్లనే. చెయ్యి నువ్వే పట్టుకో."

మావాడిని పిలిచి చెయ్యి పట్టుకున్నాను. ఎలాగూ రెండోసారి పంపి రూఢి చేసుకోవాలట. జవాబు వచ్చేదాకా మనవరాలిని వాడి ఒళ్లోకి ఇవ్వలేదు. ఏమీ లేదని వచ్చింది. మొదటిది పొరపాటని దవాఖానవాళ్లు సరిపెట్టుకున్నారు.

"మరి గా దోస్తు ఎవడు?"

"ఆయనకు జెప్పిన. పక్కన కూసొని జెప్పిన. నీకు జెప్ప."

మా అబ్బాయీ నోరు విప్పలేదు. ఆదివారాలు వాడి దోస్తులు మా అరుగు మీద చేరితే ప్రతి ముఖాన్నీ వెతికేదాన్ని: ఎవరు బక్కచిక్కారు, ఎవరు దగ్గుతున్నారు. వాళ్ల గిలాసలు వేరుగా పెట్టాను. నర్సమ్మ ఆ గిలాసల్లోనే చాయ్ అడిగి, నా ఎదురుగా కూర్చుని తాగేది. "గిలాసతోని అంటేది కాదు పెద్దమ్మా, ఎన్నిసార్లు జెప్పాలె నీకు?"

ఆమెకు ఈ ఊళ్లో మేమే చుట్టాలం. సోమవారం ఆమెను మోసింది ఆ దోస్తులే. తిరిగి వచ్చాక చేతికందిన గిలాసలన్నిటిలో వాళ్లకు చాయ్ పోశాను. అందరూ తాగి గిలాసలు అరుగు మీద పెట్టారు. ఒకరు మాత్రం లేచి, నల్లా దగ్గర తన గిలాస తానే కడిగి, తెచ్చి మిగతావాటికి జానెడు దూరంలో బోర్లించారు.

తల ఎత్తితే ముఖం కనిపించేది. ఎత్తలేదు. ఆ గిలాసను తీసి మిగతావాటి నడుమ పెట్టాను. ఇంకా తడిగానే ఉంది.